తల పట్టేది ఎవరు, కాళ్లు పట్టేది ఎవరు?



ఆలేరు దగ్గరి ఒక ఊరు అనుకుందాం. కూలి చేసుకునే మనిషికి గుండెనొప్పి వచ్చింది. రేషన్ కార్డు ఉంది. హైదరాబాదులో పెద్ద దవాఖానల ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేసి పంపిండ్రు. ప్రాణం నిలిచింది.

అసలు కష్టం ఇల్లు చేరినంక మొదలైతది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. పేదవానికి అది పెద్ద అండ. కొన్ని జబ్బులకు తర్వాతి మందులూ ఇస్తారు. కానీ వాటికోసం మళ్లీ పట్నం పోవాలె. రైలు కిరాయి, పోయిన కూలి, తోడు వచ్చినోళ్ల కూలి అన్నీ భారమే. దవాఖాన కాగితం ఇంగ్లిషులో ఉంటది, కవర్ల పెట్టి గోడకు తగిలిస్తరు. ఊరి ఏఎన్ఎంకు, ఆశా అక్కకు కబురే ఉండదు. నొప్పి లేదు గదా అని ఆయన గోళీలు ఆపేస్తడు. రక్తం గడ్డకట్టకుండా చూసే గోళీలు ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు. అప్పుడు తప్పెవరిది? అందరూ తమ పని చేసినవాళ్లే.

వినయ పిటకంలోని మహావగ్గంలో ఒక సంఘటన ఉంది. కడుపు జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. సంఘం ఉండీ ఎవరూ చూడలేదు. ఆయన మాకేమీ చేయలేదు గనుక మేమూ చూడలేదని లెక్క చెప్పారు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. బుద్ధుడు తలవైపు, ఆనందుడు కాళ్లవైపు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. ఇక్కడ మీకు తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకుంటే ఎవరు చూస్తారని బుద్ధుడు సంఘాన్ని మందలించాడు.

ఇద్దరూ ఒకేసారి ఎత్తారు, గమనించండి. తలవైపు ఎత్తి, కాళ్లవైపు ఎవరూ లేకుంటే రోగి కింద పడతాడు. ఈనాడు పెద్ద దవాఖాన తలవైపు ఉంది. ఆలేరు సర్కారు దవాఖాన, ఆశా అక్క, ఇరుగుపొరుగు కాళ్లవైపు. రోగి అవతలి చేతికి చేరేదాకా "నా పని అయిపోయింది" అనే మాట ఎవరికీ చెల్లదు.

డాక్టరుకు టైమెక్కడిది అంటారు. నిజమే, రద్దీ ఎక్కువ. కానీ ఏ గోళీ, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు రావాలె అని తెలుగులో నాలుగు ముక్కలు, ఊరి ఏఎన్ఎంకు ఒక్క ఫోను చాలు. ఇది సర్కారు చేయించాల్సిన పని, అడగడం మన హక్కు.

అడుగుతూనే మన వంతూ చేద్దాం. మీ వాడకట్టులో ఎవరన్నా పట్నం దవాఖాన నుంచి వస్తే, పండ్లు పట్టుకపోయి పలకరించి రావడంతో ఆపకండి. ఆ కాగితం అడగండి. వాళ్లను వెంటబెట్టుకొని దగ్గరి దవాఖానకు పోయి చూపించండి. గోళీలు అయిపోకముందే గుర్తుచేయండి. జాలి మనసులోనే ఉండిపోతది. కరుణ కాళ్లవైపు పోయి పట్టుకుంటది.