పగ తీర్చుట ఎవరి పని?

ఇంగ్లీషులో ‘అవెంజ్’ అను క్రియాపదమొకటి కలదు. ‘రివెంజ్’ అను మాట దానికి తోబుట్టువు. రెండును లాటిను భాషలోని ఒకే మూలమునుండి ఫ్రెంచి ద్వారా వచ్చినవే. అయినను జాగ్రత్తగా వాడువారు వీటికి భేదము చూపుదురు. అన్యాయము పొందినవారి పక్షమున న్యాయము జరిగించుట మొదటిది. తన కడుపుమంట చల్లార్చుకొనుటకు ఎదుటివానిని బాధించుట రెండవది.

1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలులో, లూకా 18వ అధ్యాయపు విధవరాలు న్యాయాధిపతి నడిగినది ఈ మొదటి మాటతోనే. రోమా 12:19లో మనకు మనమే చేయరాదని పౌలు వారించినదియు ఆ మాటనే. గ్రీకు మూలములోను రెండు చోట్ల ఒకే క్రియ యున్నది. మన తెలుగు బైబిలులో మాత్రము ఒకచోట న్యాయము తీర్చుట, మరియొకచోట పగ తీర్చుట అని యున్నది.

ఒకచోట ప్రార్థనయైన మాట మరియొకచోట నిషేధమెట్లాయెను? విధవరాలు తీర్పును న్యాయాధిపతి చేతిలో నుంచినది. పౌలు హెచ్చరించినది దానిని తన చేతిలోనికి తీసికొనగోరువానిని.

ఏన్గెదీ గుహలో సౌలు దావీదు చేతికి చిక్కెను. దావీదు అతని వస్త్రపు చెంగు మాత్రమే కోసెను. అయితే అతడు మౌనముగా ఊరకుండలేదు. గుహ వెలుపల నిలిచి తనకు జరిగిన అన్యాయమును బిగ్గరగా చెప్పెను. తీర్పు యెహోవాకు విడిచెను. తన చేయి మాత్రము సౌలుమీద పడదనెను.

ప్రియులారా, మనము రెండు విధములుగా తప్పిపోవుచున్నాము. పొలము గట్టు జరిపిన అన్నతో మాటలు మాని, అతని యింటి పెండ్లికి పోక, అతని పైరు ఎండినప్పుడు లోలోపల సంతోషించి, దానికి న్యాయమని పేరు పెట్టుచున్నాము. మరియు దిక్కులేని విధవరాలు తన భాగముకొరకు పెద్దల యెదుట మొరపెట్టగా, “క్షమించుమమ్మా, విశ్వాసులకు పగ తగదు” అని ఆమె నోరు మూయుచున్నాము. ఆమె అడిగినది పగ కాదే! క్షమించిన హృదయముతోనే న్యాయమును కోరవచ్చును. ఆ మొర వినని సంఘము అన్యాయస్థుడగు ఆ న్యాయాధిపతికంటె మేలైనదా? అతడైనను తుదకు ఆమెకు న్యాయము తీర్చెను.

మొరపెట్టుటకు మనకు సెలవున్నది, కొట్టుటకు లేదు. ఎవరి లెక్క మన హృదయములో ఇంకను వ్రాసియున్నదో నేడే పరీక్షించుకొందము. ఆ లెక్కను ప్రభువునకప్పగించి, వారు ఆకలిగొన్న దినమున అన్నము పెట్టుటకు మన చేతులను ఖాళీగా ఉంచుకొందము.