ఉద్దేశమాత్రమైన శిల

మోమిన్‌పేట, వికారాబాదు ప్రాంతములందు పెక్కుచోట్ల చిల్లులు పడిన ఎర్రరాతి నేల కన్పట్టును. తాండూరు చేరినచో గనులలో పొరలు పొరలుగా చీలి, పలకలై, ఊరూర ఇండ్లలో పరచుకొను నాపరాయి లభించును. మహావిగ్రహమునకు ఈ రెండును పనికిరావు. ఒకటి ఉలిదెబ్బకు రాలును, మరియొకటి పొర విడును. కావున అనంతగిరిలో జన్మించిన మూసీ పరీవాహమున, 1562 నాటి హుస్సేన్‌సాగరు నడుమ నిలిచిన బుద్ధునకు శిలను భువనగిరి చేరువనున్న రాయగిరి కొండ ప్రసాదింపవలసి వచ్చినది.

1985లో నందమూరి తారక రామారావు, న్యూయార్కు రేవునందలి స్వేచ్ఛాప్రతిమను చూచి పొందిన ప్రేరణతో ఈ నిర్మాణమునకు పూనుకొనగా, గణపతి స్థపతి నాయకత్వమున శిల్పులు ఏకశిలను 58 అడుగుల మూర్తిగా మలచిరి. దాని బరువు సుమారు 350 టన్నులు. రాతిని ఎన్నుకొనుట మన శిల్పశాస్త్రమున చెవికి సంబంధించిన విద్య కూడ. సుత్తితో తట్టినపుడు కంచుగంటవలె మ్రోగునది మూర్తికి యోగ్యము. లోపల బీటయున్నది బొంగురుగా పలుకును. పైకి ఎంత నిగనిగలాడినను ఆ ధ్వని రాతి గుట్టును దాచదు.

అయినను, ఆత్మయే లేదన్నవానికి ఇంత దేహమేల యను ప్రశ్న మిగులుచున్నది. అమరావతి తొలి శిల్పులు ఆయన రూపమును చెక్కుటకే వెనుదీసి, పాదముద్రలను, బోధివృక్షమును, శూన్యాసనమును మాత్రము చూపిరి; మానవాకృతి ఆ పలకలపై తరువాత ప్రవేశించినది. తథాగతుడు లేనివేళ జనులు దేనిని పూజింపవలెనని శిష్యుడగు ఆనందుడు అడిగిన వృత్తాంతము కాళింగబోధి జాతకమున గలదు. అందు చెప్పబడిన చైత్యములు మూడు: శరీరధాతువులు, ఆయన వాడిన వస్తువులు, ఆయనను ఉద్దేశించి కల్పించినవి. ఈ కడపటి దానికి వేరు ఆధారము లేదట. అది కేవలము మనస్సుపై నిలుచునట. 350 టన్నుల రాతిని గూర్చి ఈ మాట చెప్పుట వింతగా తోచవచ్చును గాని, నాకు ఇంతకంటె సూటియైన నిర్ణయము కానరాదు.

1990 మార్చిలో విగ్రహమును సాగరమధ్యమునకు కొనిపోవుచుండగా అది పంటుపై నుండి ఒరిగి నీట మునిగినది. పనివారు కొందరు ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు పైగా నీటియడుగున పడియుండి, వెలికి తీయబడి, 1992 డిసెంబరు 1న పీఠమెక్కినది. శిల చెక్కుచెదరలేదని ఆనాడు ఆశ్చర్యపడినవారు అనేకులు. గ్రానైటునకు నీరేమి చేయును? ఆశ్చర్యపడవలసినది దానికి కాదు. జీవహింస వలదన్నవాని ప్రతిమను తరలించుటలో మనుష్యులు మరణించిన ఘటనను వారి కర్మమని త్రోసివేయువారితో నేను ఏకీభవింపజాలను. చేతనయే కర్మమని చెప్పినవాడు ఆ బుద్ధుడే. శిలకు చేతన లేదు. బ్రదుకుతెరువుకై పంటుపై నిలిచిన కూలికి విగ్రహము నీటినడుమ నుండవలెనను కోరికయు లేదు. ఆ కోరిక ఎవరిదో, కర్మవిచారము అచ్చటనే ఆరంభము కావలెను.

కొండను కదల్పకయే చైత్యముగా చేసిన పద్ధతి మనవారికి తెలియనిది కాదు, నా మనస్సు దానివైపే మొగ్గుచున్నది. అనకాపల్లి చెంత శంకరమునందు బొజ్జన్నకొండ రాతినే తొలిచి గుహలను, స్తూపములను నిలిపిరి. ప్రక్కగుట్టపై ఏకశిలాస్తూపములు వరుసలు దీరియున్నవి. భిక్షువులు కనుమరుగైన పిదప గ్రామస్థులు వానిని శివలింగములని తలంచి, ఆ గుట్టను లింగాలకొండ యనిరి. అజ్ఞానమని నవ్వువారున్నారు, ఆనందునకు లభించిన ప్రత్యుత్తరమును బట్టి చూచినచో ఆ నవ్వునకు నాకు తావు కన్పట్టదు.