లోవ దాటి వెళ్లని నేను

తుని వాళ్లకు కొండ అంటే ముందు లోవే. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, దారకొండ, తీగకొండల నడుమ తలుపులమ్మ తల్లి కొలువు. కొత్త బండి కొన్నా, మొక్కు తీర్చుకోవాలన్నా అక్కడికే. మెట్లెక్కి అమ్మవారిని చూసి, దిగొచ్చి, చెట్ల కింద రాళ్లపొయ్యి పెట్టి కోడికూర వండుకుంటాం. ఆషాఢంలో చెట్టునీడ దొరకడమే గగనం. ఇందులో భక్తి ఎంత, విహారం ఎంత అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. విడదీయలేకపోయాను. విడదీయనక్కర్లేదని ఇప్పుడు నమ్ముతున్నాను. అమ్మ దగ్గరికి ఆకలితో వెళ్లి కడుపునిండా తిని రావడం మా వైపు మర్యాదే.

నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఆ కొండల వెనక ఉన్నవాళ్లు నాకెందుకు తెలియదు?

1918 ప్రాంతంలో అల్లూరి సీతారామరాజు కుటుంబం తునికి వచ్చింది. అప్పటికి ఆయన ఇరవై ఏళ్ల కుర్రవాడు. ఈ ఊరి నుంచే చుట్టుపక్కల కొండలూ లోయలూ తిరిగాడు. అక్కడి మనుషులతో కలిసిపోయాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో పోడు కొట్టుకోవడానికీ, తమ అడవిలో తాము తిరగడానికీ వాళ్లకు అడ్డంకులు వచ్చిపడ్డాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు కొండల్లోకి రోడ్డు వేయించిన అధికారి కూలి సరిగా ఇవ్వకుండా వాళ్లచేత చాకిరీ చేయించాడు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో సీతారామరాజు నాయకత్వంలో పితూరీ, అంటే తిరుగుబాటు, అయింది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు జరిగాయి.

నేనూ తుని నుంచే కొండలెక్కాను. మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిన్నాను. లంబసింగిలో తెల్లవారుజామున దుప్పటి కప్పుకుని మంచు చూశాను. ఏం చూసొచ్చావని ఎవరైనా అడిగితే జలపాతాలు, ఘాట్ మలుపులు, మంచు అంటాను. ఆ జవాబులో మనిషన్నవాడు ఒక్కడూ ఉండడు. సంతలో కొండచీపుర్లు, చింతపండు అమ్మేవాళ్లతో బేరమాడతాను. ఏ ఊరి నుంచి దిగివచ్చారో, ఎంత దూరం నడిచారో అడగను.

ఎందుకు అడగనని లోపలికి తవ్వుకుంటే తేలేది బిడియం కాదు. అడిగితే వినాలి. విన్నాక సెలవురోజు సెలవురోజులా మిగలదు. నాకు కావలసింది ఎవరి కష్టమూ అంటని పచ్చదనం. అలాంటి పచ్చదనం మన కొండల్లో ఎక్కడా లేదు. 2008లో పాపికొండలు జాతీయ ఉద్యానవనమయ్యాయి. మనకు అది గోదావరి మీద బోటెక్కి చూసే అందం, అక్కడి గిరిజనులైన కొండరెడ్లకు తాతల నాటి ఇల్లు. ఆ ఇంటి ముంగిట్లో ఫొటో దిగి, పలకరించకుండా తిరిగొచ్చేవాడిని నేను. కొండల మీద నాకున్న ప్రేమ నిజమే, కానీ అది సగం ప్రేమే.

కొండలకు వెళ్లడం మానేద్దామని నేను చెప్పను. లోవలో వంటలు సాగాలి, పిల్లలు మెట్లెక్కాలి. ఈ చలికాలం లంబసింగి బయల్దేరేవాళ్లు కాస్త దారి మళ్లి కృష్ణదేవిపేటలో కూడా ఆగండి. అక్కడి పెద్దవాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. సీతారామరాజు సమాధి ఉన్నది ఆ ఊళ్లోనే.