నిప్పు, పెట్రోలు, పాత అంబాసిడర్

పాత పెట్రోలు కారు ఇంధన వ్యవస్థలో ముఖ్యమైనవి అయిదు: వెనక ఉండే టాంకు, అక్కడి నుంచి ఇంజను దాకా కారు అడుగున సాగే సన్నని లోహపు గొట్టం, ఫిల్టరు, పంపు, కార్బరేటర్. ఏళ్ల తరబడి కదలకుండా నిలిచిపోయిన కారును ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలంటే పని వీటితోనే మొదలవుతుంది. అది పూర్తయ్యేసరికి వీటిలో చాలా భాగం కొత్తది వచ్చి చేరుతుంది. అప్పుడు మిగిలేది ఆ పాత కారేనా, అవునంటే ఏ ఆధారంతో అవును? భారతీయ దార్శనికులు శతాబ్దాల పాటు రథాన్నీ వస్త్రాన్నీ దీపాన్నీ ముందు పెట్టుకుని ఈ ప్రశ్న మీద వాదించారు. బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడైతే నిప్పు, ఇంధనం మీదే ఒక ప్రకరణం రాశాడు.

ఉత్తర కోస్తాలో ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితమైనది కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో 1950ల చివర తయారీ మొదలై 2014లో ఆగిపోయిన అంబాసిడర్, ముంబయిలో తయారైన ప్రీమియర్ పద్మిని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోడ్ల మీద కొన్ని దశాబ్దాలు తిరిగాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ పెరట్లో, రేకుల షెడ్డు కింద ఉన్నాయి. తాత కొన్న కారును తుక్కు కింద అమ్మడానికి మనసొప్పని ఇళ్లకు ఉప్పుగాలి మొదటి శత్రువు. బారువ నుంచి కళింగపట్నం మీదుగా దక్షిణానికి సాగే ఈ తీరంలో గాలిలో తేమ ఏడాది పొడుగునా ఎక్కువే. సగం ఖాళీగా ఉన్న టాంకు పగటి వేడికి గాలిని బయటికి వదులుతుంది, రాత్రి చల్లబడి లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలోని తేమ లోపలి గోడల మీద నీరై పడుతుంది. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. అందుకే టాంకు పైకి బాగానే కనిపించినా అడుగున తుప్పు పట్టి ఉంటుంది.

పెట్రోలు కూడా నిలవ ఉంటే పాడవుతుంది. తేలికగా అంటుకునే భాగం ముందే ఆవిరై పోతుంది. మిగిలింది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారి, చివరికి గోధుమరంగు గట్టి పొరలా పేరుకుంటుంది. కార్బరేటర్‌లోని జెట్ల రంధ్రాలు మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటాయి కాబట్టి కొద్దిపాటి జిగురు చాలు, అవి మూసుకుపోతాయి. దీనికి తోడు ఇథనాల్. 2025 నాటికి దేశంలో పెట్రోలులో దాని వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున వేరే పొరగా నిలుస్తాయి. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రం, కార్కు వాచర్లు ఇథనాల్‌ను తట్టుకునేలా తయారైనవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగులుతాయి.

ఇంటి దగ్గర చేసే పనిలో మొదటిది పాత పెట్రోలును పూర్తిగా తీసేయడం. బ్యాటరీ తీగ ముందే విప్పాలి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి నేల మీదే పాకుతూ పోయి, దూరంలో ఉన్న పొయ్యి దగ్గరో స్విచ్చు దగ్గరో అంటుకోగలదు. అందుకే ఈ పని మూసిన గదిలో చేయకూడదు. ఖాళీ టాంకు మరింత ప్రమాదం. ద్రవం పోయినా ఆవిరి మిగిలే ఉంటుంది. అలాంటి టాంకుకు వెల్డింగు పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చిల్లు పడిన టాంకును ఆవిరి పూర్తిగా పోయేలా శుభ్రం చేసే అనుభవం ఉన్నవాళ్లకే అప్పగించాలి. చిల్లు లేకపోతే టాంకును దింపి, లోపల నట్లో చిన్న గొలుసు ముక్కో వేసి కుదిపి, పెళ్లలుగా లేచే తుప్పును రాలగొడతారు. తర్వాత నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు వదిలేస్తారు. ఆ పుల్లదనం విరగడానికి వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే బాగా ఆరబెట్టాలి. తడి మిగిలితే గంటల్లోనే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

కార్బరేటర్ పని ఓపికతో చేయాల్సింది. విప్పే ముందు ఏ ముక్క ఎక్కడిదో ఫోటో తీసుకోవడం మంచిది. జెట్లను ఇనుప తీగతో పొడవకూడదు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు మోతాదు మారిపోతుంది. ద్రావకంలో నానబెట్టి గాలితో ఊదితే చాలు. ఫ్లోటులోకి పెట్రోలు చేరిందేమో చెవి దగ్గర పెట్టి కదిపి చూడాలి. సూది వాల్వు అరిగి ఉంటే మార్చాలి, లేకపోతే పెట్రోలు పొంగి కారుతుంది. మెకానిక్కులు ఏసీ పంపు అనే ఇంజను పంపులో కొత్త డయాఫ్రం, వాచర్లు పడతాయి. రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మారతాయి. పని ముగిశాక లెక్క చూస్తే టాంకు లోహం, కార్బరేటర్ పైగుల్ల, పంపు పైగుల్ల పాతవి. పెట్రోలును ఆపేవి, తోసేవి, మూసేవి దాదాపు అన్నీ కొత్తవి.

ఇది పాత కారేనా అన్న ప్రశ్నకు న్యాయ, వైశేషిక దర్శనాలవాళ్లు కఠినంగా జవాబు చెబుతారు. వాళ్ల దృష్టిలో అవయవి, అంటే మొత్తం వస్తువు, అవయవాల మొత్తమే అనుకుంటే పొరపాటు. అది వాటిలో ఆశ్రయం పొందిన వేరే పదార్థం, నిజంగా ఉన్నది. అయితే అవయవాలే దానికి ఆధారం కాబట్టి వాటిలో ఒకటి పోతే పాత అవయవి నశిస్తుంది. వస్త్రంలోంచి ఒక పోగు తీసేస్తే పాత వస్త్రం పోయి కొత్త వస్త్రం పుడుతుందని వాళ్ల వాదం. దీని ప్రకారం డయాఫ్రం మారిన పంపు కొత్త పంపు, పంపు మారిన కారు కొత్త కారు. ఈ వాదంలో తర్కదోషం వెతకడం కష్టం. కానీ దీన్ని నమ్మి బతకడం ఇంకా కష్టం. ఏ వాహనమూ ఒక్క సర్వీసు దాటి తనుగా మిగలదు.

బౌద్ధులు వేరే దారి పట్టారు. పాలి గ్రంథం మిలిందపన్హలో భిక్షువు నాగసేనుడు మిలింద రాజును అడుగుతాడు: రథం అంటే ఇరుసా, చక్రాలా, నొగనా? ఏదీ కాదు. అవన్నీ విడివిడిగా కుప్పపోసినా రథం కాదు. అవి ఒకదాన్నొకటి ఆధారం చేసుకుని నిలిచినప్పుడు రథమని పేరు పెడతారు. అదే గ్రంథంలో రాత్రంతా వెలిగే దీపం మాట వస్తుంది. మొదటి జాములో మంట, చివరి జాములో మంట ఒకటే అనలేం, వేరనీ అనలేం. ఈ ఆలోచనకు ఉత్తరాంధ్రలో చోటు లేకపోలేదు. వంశధార ఒడ్డున శాలిహుండంలో స్తూపాలు, విహారాలు ఉన్నాయి. 1919లో వాటిని వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. విజయనగరం దగ్గర రామతీర్థం కొండల్లోనూ బౌద్ధ శిథిలాలు ఉన్నాయి.

ఇంధనం మాట తిన్నగా ఎత్తినవాడు నాగార్జునుడు. మూలమధ్యమకకారికలో పదో ప్రకరణం అగ్నీంధన పరీక్ష. నిప్పూ ఇంధనమూ ఒకటే అయితే కాల్చేది, కాలేది ఒకటే కావాలి. రెండూ పూర్తిగా వేరయితే ఇంధనం లేకుండానే నిప్పు మండగలగాలి. నిప్పు ఇంధనం మీద ఆధారపడుతుంది అంటే, ఆ ఇంధనాన్ని ఇంధనం చేసేది ఏది? నిప్పుతో దానికున్న సంబంధమే. అప్పుడు రెండింటిలో ముందున్నది ఏది? అయిదేళ్లు టాంకులో నిలిచిన పెట్రోలును చూస్తే ఈ ప్రశ్న బలం తెలుస్తుంది. రసాయనంగా దాని మూలం అదే, ఉన్న చోటూ అదే. కానీ ఇంజను దాన్ని మండించలేదు. జెట్టు మూసుకుపోతే మంచి పెట్రోలు కూడా టాంకు నిండా ఉండి ఇంధనం కాలేదు. ఇంధనం కావడం ఆ ద్రవం ఒక్కదాని గుణం కాదు. గొట్టం, పంపు, గాలి, నిప్పురవ్వ అన్నీ కలిసి దాన్ని ఇంధనం చేస్తాయి. నాగార్జునుడు ప్రకరణం చివర ఇదే పద్ధతిని ఆత్మకూ, కుండ, వస్త్రం లాంటి వస్తువులకూ వర్తింపజేశాడు. ఆ వరసలో కారునూ చేర్చవచ్చు.

శంకరాచార్యుల బ్రహ్మసూత్రభాష్యం దీనికి ఒక హద్దు గీస్తుంది. రెండో అధ్యాయంలో బౌద్ధుల క్షణికవాదాన్ని, అంటే ప్రతిదీ ఒక్క క్షణమే ఉంటుందనే వాదాన్ని, ఖండిస్తూ ఆయన ఒక తేడా చూపాడు. బయటి వస్తువు విషయంలో ఇది అదేనా, దానిలాంటిదా అనే సందేహం ఎప్పుడైనా కలగవచ్చు. తెలుసుకునేవాడి విషయంలో అలాంటి సందేహం కలగదు. నిన్న చూసింది నేనేనా, నాలాంటి ఇంకొకడా అని ఎవరూ అనుమానపడరు. దీన్ని కారుకు అన్వయిస్తే, అదే కారు అనే మాటకు బలం కారు లోపల దొరకదు. దాన్ని గుర్తుపట్టే మనిషిలో, అతని జ్ఞాపకంలో దొరుకుతుంది. నాగార్జునుడు ఆధారాల అల్లికను చూపాడు. శంకరులు గుర్తుపట్టేవాణ్ణి చూపారు. బాగుచేసే పనికి రెండూ కావాలి. కానీ వీళ్లిద్దరూ చెప్పనిది మరొకటి ఉంది. అది ఈ ప్రాంతపు ఆచారంలో కనిపిస్తుంది.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాతి మంగళవారం జరుగుతుంది. సిరిమాను పొడవైన చింత మాను. అమ్మవారు పూజారికి కలలో చెట్టు జాడ చెబుతుందని నమ్మకం. ఆ చెట్టుకు పూజ చేసి, నరికి, చెక్కి సిద్ధం చేస్తారు. పూజారి దాని కొసన కూర్చుంటే మూడు లాంతర్ల దగ్గరి అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ఏటా చెట్టు కొత్తది. అయినా ఇది నిరుటి సిరిమాను కాదని ఎవరూ అనరు. చెట్టును వెతికే విధి, పూజారి వంశం, దారి, వారం, జనం మొక్కు, ఇవన్నీ తప్పకుండా పాటించడమే దాన్ని ఒక్కటిగా నిలుపుతుంది.

రామతీర్థంలో ఇదే సంగతి దుఃఖం మధ్య రుజువైంది. 2020 డిసెంబరు చివర బోడికొండ మీది కోదండరామస్వామి విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం కొత్త విగ్రహాలు చేయించి ఇచ్చింది. వాటిని ముందు బాలాలయంలో, అంటే తాత్కాలిక ఆలయంలో, నిలిపి, ఆలయాన్ని కొత్తగా కట్టి, 2022 ఏప్రిల్‌లో కొండ మీద ప్రతిష్ఠించారు. శిథిలమైన గుడినో విగ్రహాన్నో పునరుద్ధరించే జీర్ణోద్ధారణకు ఆగమాల్లో క్రమం ఉంది. పాత బింబంలోని దేవతాశక్తిని కలశంలోకి ఆవాహన చేసి, పని ముగిశాక తిరిగి బింబంలో నిలుపుతారు. రాయి మారవచ్చు, విధి తెగకూడదు. కారుకు దైవత్వం అంటగట్టనక్కర్లేదు. వస్తువు తనుగా కొనసాగడానికి కారణం దానిలోని పదార్థం కాదు, దాని పట్ల మనుషులు తప్పకుండా నెరవేర్చే బాధ్యత అన్న సూత్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

రవాణా చట్టానికి కూడా ఈ ప్రశ్నకు ఒక జవాబు ఉంది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనం, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా మూలరూపంలో ఉంటే, వింటేజ్‌గా నమోదు కావచ్చు. గొట్టాల ఊసు అందులో లేదు. ఇది సబబే. రబ్బరు గొట్టాన్ని పాతదని గౌరవించి ఉంచుకుంటే కారు తగలబడే ప్రమాదం ఉంది. డయాఫ్రం, వాచర్లు, గొట్టాలు మార్చడానికే ఉన్నవి. టాంకు, కార్బరేటర్ పైగుల్ల, పంపు పైగుల్ల బాగయ్యే స్థితిలో ఉన్నంతకాలం ఉంచాల్సినవి. అవి కూడా పనికిరాకపోతే అదే రకం ముక్క కోసం వెతకాలి. దొరకకపోతే సరిపోయేది బిగించి నడపాలి. ఏ ముక్క ఏ తేదీన మారింది, ఎందుకు మారింది, ఏ రకం పడింది అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి కారుతోపాటు ఉంచాలి. తీసేసిన జెట్లు, వాల్వులు పేరు చీటీలతో ఒక డబ్బాలో దాచాలి. తర్వాత ఆ కారును విప్పేవాళ్లకు ఆ పుస్తకం, ఆ డబ్బా రెండూ కావాలి.