సదస్సుకు వెళ్ళబోయే మేనకోడలికి

అట్లాంటా



పోలియో వచ్చినవాళ్ళ కోసం హైదరాబాదులో పెడుతున్న ఆరోగ్య సదస్సుకు నీకు పిలుపు వచ్చిందనీ, వెళ్ళడానికి మనసొప్పడం లేదనీ రాశావు. "అందరూ నాలాంటివాళ్ళే ఉన్న హాల్లో కూర్చోలేను మావయ్యా" అన్నావు. బళ్ళో, పెళ్ళిపందిట్లో, బస్టాండులో ఇన్నేళ్ళూ ఆ నడక నీ ఒక్కదానిదే. ఇప్పుడు అదే నడక పదిమందిలో చూడాల్సి వస్తుందని నీ బెంగ. నా మాట మాత్రం వెళ్ళమనే. ఎందుకు వెళ్ళాలో, వెళ్ళి ఏం చెయ్యాలో కూడా రాస్తున్నాను. ఓపిగ్గా చదువు తల్లీ.

ముందు నీ ఒంటి సంగతి. కొన్నాళ్ళుగా బడి మెట్లు ఎక్కలేకపోతున్నావు. పోలియో సోకిన ఎడమకాలి మాట అటుంచితే, ఇన్నాళ్ళూ నిన్ను మోసిన కుడికాలు కూడా బోర్డు దగ్గర నిలబడితే వణుకుతోందన్నావు. సాయంత్రానికి జడ వేసుకుందామన్నా చెయ్యి లేవదు. కాస్త చలిగాలి తగిలితే పాదం చల్లబడి నీలంగా మారుతోంది. ఒక డాక్టరు విటమిన్ మాత్రలు రాశారు, ఒకరు ఒళ్ళు తగ్గమన్నారు, ఇంకొకరు ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగారు. చిన్నప్పటి పోలియో గురించి ఒక్కరూ అడగలేదు. వాళ్ళను తప్పుపట్టలేం. మన దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరి 13 నాటిది, హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. ఇప్పుడు ప్రాక్టీసు పెడుతున్న కుర్ర డాక్టర్లు పోలియో బిడ్డను కంటితో చూడకుండానే చదువు ముగించారు. అది దేశమంతా గర్వపడాల్సిన సంగతే. కానీ నీలా, నాలా ఆ జబ్బు పడి లేచిన మనం ఇంకా లక్షల మందిమి ఉన్నాం. మన తర్వాత మరో తరం రాదు, రాకూడదు కూడా. అందుకే మన ఒంటి సంగతి మనమే నేర్చుకుని డాక్టర్లకు చెప్పాల్సిన రోజులొచ్చాయి.

నీది పోస్ట్ పోలియో సిండ్రోమ్ అని నా అనుమానం. తేల్చాల్సింది డాక్టరే. దీనికంటూ ఒక రక్తపరీక్ష లేదు. థైరాయిడ్, రక్తహీనత, నడుములో డిస్కు, నిద్రలో ఊపిరి ఇబ్బంది లాంటివేవీ కావని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి చివరికి ఇదని నిర్ధారిస్తారు. జరిగేదేమిటంటే, పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను కదిలించే నరకణాలను చంపేస్తుంది. బతికిన కణాలు కొత్త కొమ్మలు వేసి, దిక్కులేకుండా పోయిన కండరపోగులను కూడా తమ కిందికి తెచ్చుకుంటాయి. ఉమ్మడి కుటుంబంలో తమ్ముడు పోతే అతని పిల్లల్ని కూడా అన్నే సాకినట్టు. నువ్వు మూడో ఏట మళ్ళీ లేచి నిలబడింది అలాగే. ముప్పై నలభై ఏళ్ళు రెండు సంసారాలు ఈదిన ఆ అన్న ఒకనాటికి అలిసిపోతాడు. అప్పుడు కొత్తగా నీరసం, నొప్పులు మొదలవుతాయి. వైరస్ తిరిగి రావడం కాదిది, ఎవరికీ అంటదు. పోలియో వచ్చి బతికినవాళ్ళలో నూటికి పాతిక నుంచి నలభై మందికి ఇది రావచ్చని ఇక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది.

దీన్ని లోకం కళ్ళముందు పెట్టింది ఎవరనుకున్నావు? 1875లోనే ఫ్రాన్సులో షార్కో వంటి వైద్యులు ఇలాంటి రోగి గురించి రాశారు గానీ అది మరుగున పడిపోయింది. మళ్ళీ వెలికి తెచ్చింది మనలాంటివాళ్ళే. సెయింట్ లూయిస్‌లో 1913లో జినీ లారీ అనే ఆవిడ పుట్టారు. దానికి ముందు ఏడాదే పోలియో ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలను పొట్టన పెట్టుకుంది. వాళ్ళ పేర్లు రెండూ కలిపి ఈవిడకు వర్జీనియా గ్రేస్ అని పెట్టారు. పెద్దయ్యాక ఆవిడ క్లీవ్‌లాండ్‌లో ఐరన్ లంగ్ యంత్రాల్లో పడుకుని ఊపిరి తీసుకునే రోగుల దగ్గర స్వచ్ఛందంగా పనిచేశారు. 1958లో మొదలైన వాళ్ళ పత్రికను ఏళ్ళ తరబడి నడిపారు. ఇళ్ళకు చేరిన పాత రోగులు ఆ పత్రికకు ఉత్తరాలు రాసేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఉత్తరాల్లో ఒకటే గోడు: మళ్ళీ బలం తగ్గుతోంది, చెబితే డాక్టరు నమ్మడం లేదు. 1981లో షికాగోలో రోగులనూ డాక్టర్లనూ ఒకే చోట కూర్చోబెట్టి సదస్సు పెట్టారు. పరిశోధనలు ఊపందుకున్నది ఆ తర్వాతే. నిన్ను పిలుస్తున్న సదస్సు లాంటివాటికి మూలం ఆ ఉత్తరాలు. రాసినవాళ్ళు మంచం మీద ఉన్నవాళ్ళు, సందేహించినవాళ్ళు, నీలాగే తమదంతా వట్టి భ్రమేమోనని కుమిలినవాళ్ళు.

2009లో ఇక్కడి వార్మ్ స్ప్రింగ్స్‌లో జరిగిన సదస్సుకు నేను వెళ్ళాను. మా ఊరికి దక్షిణాన గంటన్నర ప్రయాణం. పోలియోతో కాళ్ళు పోయిన రూజ్‌వెల్ట్ అధ్యక్షుడు కాకముందు, 1926లో, ఆ వేడినీటి ఊటల చోటు కొని చికిత్సాలయం పెట్టాడు. అక్కడ ఒకాయన నాకు ఎదురొచ్చాడు. కుడిచెయ్యి తొడమీద అదిమి, మోకాలిని వెనక్కి బిగించి, అప్పుడు రెండో అడుగు. నేనూ అచ్చం అలాగే నడుస్తాను, నువ్వూ అంతే. కృష్ణా జిల్లాలో పెరిగిన నేనూ, మిన్నెసోటాలో పెరిగిన ఆయనా, ఎవరూ నేర్పకుండానే ఒకే ఉపాయం కనిపెట్టుకున్నాం. ఆయన నా చేతివైపు చూసి తల ఊపాడు. నాకు బాధ కలగలేదమ్మా, చుట్టం దొరికాడనిపించింది.

మధ్యాహ్నం వరండాలో ఒక పెద్దావిడ వీల్‌చెయిర్ వెనక్కి వాల్చి, ఒళ్ళో కంబళి కప్పుకుని నిద్రపోయింది. మెడలో బ్యాడ్జీ అలాగే ఉంది. పక్కనుంచి జనం మాట్లాడుకుంటూ పోతున్నారు. ఎవరూ లేపలేదు, అయ్యో పాపం అనలేదు. లేచాక ఆవిడ తిన్నగా హాల్లోకి వెళ్ళి మైకు అందుకుని, రాత్రిళ్ళు పెట్టుకునే శ్వాసయంత్రం మాస్కు ముక్కు దగ్గర ఒరుసుకుంటోంది, ఏం చెయ్యాలని డాక్టరును అడిగింది. డాక్టరు నోరు తెరిచేలోగా ముందు వరసలో నలుగురు తాము ఏ రకం పట్టీ వాడుతున్నారో చెప్పేశారు. అలిసినప్పుడు పడుకోవడం, లేచి తనకు కావలసింది అడగడం, రెంటికీ ఆవిడకు మొహమాటం లేదు. నువ్వు ఆ సదస్సుకు వెళ్ళి చూడాల్సింది అలాంటి మనుషులను.

ఎందుకంటే, చిన్నప్పటి నుంచి నిన్ను అందరూ ఒకే మాటతో మెచ్చుకున్నారు: "కాలు లేకపోయినా ఎంత పట్టుదలో చూడండి!" నేనూ మెచ్చుకున్నాను. ఆ పట్టుదలతోనే చదివావు, టీచరువయ్యావు. ఇప్పుడు ఆ మెప్పే నిన్ను నలిపేస్తోంది. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పమ్మా అని హెడ్మాస్టరుగారే అన్నా, నిలబడే చెబుతున్నావట. కూర్చుని చెప్పిన లెక్క తప్పయిపోదు కదా! కాలిపర్ వేసుకోమంటే పదో తరగతిలో విప్పేశాను, మళ్ళీ ఎందుకన్నావు. అలిసిన కండరంతో ఇంకా బలవంతంగా పని చేయిస్తే అది బలపడదు, ఇంకా డీలాపడుతుంది. నొప్పి, అలుపు మొదలుకాకముందే ఆపే తేలికపాటి వ్యాయామం, మధ్యమధ్య విశ్రాంతి, తగిన కాలిపరో కర్రో, బరువు పెరగకుండా చూసుకోవడం: ఈ జబ్బుకు తెలిసిన వైద్యం ఇప్పటికి ఇదే. సదస్సులో ఎవరైనా దీన్ని పూర్తిగా నయం చేస్తామని మందు సీసా చూపితే దూరంగా ఉండు. పక్కావిడ చేసే కసరత్తు బాగుందని నువ్వూ చెయ్యకు. ఎవరి కండరాల లెక్క వాళ్ళది.

మీ అమ్మను కూడా తీసుకెళ్ళు. జ్వరంతో ఉన్న నిన్ను ఎత్తుకెళ్ళి తనే సూది వేయించానని, ఆ సూదివల్లే కాలు పడిపోయిందని అది ఇన్నేళ్ళూ లోలోపల కుమిలిపోతోంది. పోలియో జ్వరంలో కండకు సూది వేస్తే ఆ కాలికి పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుందన్నది నిజమే. కానీ వైరస్ అప్పటికే నీ ఒంట్లో ఉంది. జ్వరం వస్తే సూది వెయ్యడమే ఆ రోజుల్లో అందరికీ తెలిసిన వైద్యం. బిడ్డను చేతనైనచోటికి పరుగున తీసుకెళ్ళిన తల్లిది తప్పెలా అవుతుంది? నేను ఫోనులో చెబితే వినలేదు. ఒక డాక్టరు ఎదురుగా కూర్చుని చెబితే, అలాంటి తల్లులు ఇంకో పదిమంది పక్కన ఉంటే, వింటుంది.

ఇంకొకటి. ఆ హాల్లో ఎవరెవరు లేరో కూడా చూడు. వార్మ్ స్ప్రింగ్స్ అంత గొప్ప చోటు, చాలా ఏళ్ళ పాటు నల్లజాతి రోగులను చేర్చుకోలేదు. వాళ్ళ కోసం 1941లో అలబామాలోని టస్కీగీలో వేరే ఆస్పత్రి కట్టాల్సి వచ్చింది. ఆ ఊటల దగ్గర నిలబడ్డప్పుడు నాకు ఆ పిల్లలు గుర్తుకొచ్చారు. మీ వీధి చివర ఒంటికాలితో మిషను తొక్కే దర్జీ ఉన్నాడే, అతనికి ఈ సదస్సు కబురు ఎవరు చెబుతారు? విశాఖపట్నంలో డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుగారు (2022లో పద్మశ్రీ ఇచ్చారు) ఊరూరా క్యాంపులు పెట్టి పోలియో పిల్లలకు ఆపరేషన్లు చేశారు. అలాంటివారి చేతిమీదుగా నిలబడిన పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం ఎంత శాతం రాశారో తెలుసు గానీ, కాలు మళ్ళీ ఎందుకు బలహీనపడుతోందో తెలియదు. నువ్వు విన్నది తెలుగులో రాసుకుని రా. ఆ దర్జీ దగ్గర కూర్చుని చదివి వినిపించు. అతను చెప్పేదీ రాసుకో.

వెళ్ళేముందు ఒక కాగితం తయారు చేసుకో: పోలియో ఏ వయసులో వచ్చింది, ఏయే అవయవాలకు వచ్చింది, ఏ ఆపరేషన్లు అయ్యాయి, కొత్త ఇబ్బందులు ఎప్పుడు మొదలయ్యాయి. పోలియో వచ్చినవాళ్ళకు మత్తుమందు ఎక్కువగా పనిచేసి, తేరుకోవడం ఆలస్యం కావచ్చు. ముందుముందు ఏ ఆపరేషనైనా చేయించుకోవాల్సొస్తే మత్తు డాక్టరుకు ముందే ఆ కాగితం చూపాలి. ఊపిరి, మింగడం గురించి ప్రత్యేకంగా అడుగు. అన్ని ఉపన్యాసాలూ వినాలని లేదు, మధ్యాహ్నం గదికెళ్ళి పడుకో. గది హాలుకు దగ్గరగా కావాలని ముందే రాయి. రైల్వే రాయితీ కార్డు తీసి ఉంటే, తోడుగా వచ్చే అమ్మకూ రాయితీ వస్తుంది. సదస్సు దరఖాస్తులో వీల్‌చెయిర్ కావాలా అని అడిగినచోట కావాలనే రాయి. అంత పెద్ద ఆవరణలో తిరగడానికి ఓపిక ఖర్చు పెట్టేస్తే, మాట్లాడటానికి ఏమీ మిగలదు. ఆఖరు తేదీ దగ్గరపడిందన్నావు, ఈ వారంలోనే పంపించెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య