ఢీకొనడం పొరపాటు కావచ్చు, మరి పారిపోవడం?

జనగామలో ఒక జుమా నాడు నమాజు ముగిసి జనమంతా వెళ్ళిపోయాక ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తల వంచుకునే అడిగాడు: "మౌలానా సాబ్, తౌబా చేస్తే అల్లాహ్ అన్ని పాపాలూ మన్నిస్తాడు కదా?" అవునన్నాము. "మరి నాకు నిద్ర ఎందుకు పట్టడం లేదు?" అన్నాడు.

విషయం ఇది. రెండేళ్ళ క్రితం, తెల్లవారుజామున, భూపాలపల్లి వైపు నుంచి ట్రాలీ ఆటో తోలుకుని వస్తున్నాడు. ముందు పోతున్న సైకిలును వెనుక నుంచి తాకాడు. పక్క అద్దంలో ఒక మనిషి పడిపోవడం కనిపించింది. బ్రేకు మీద కాలు పెట్టాడు. మళ్ళీ తీసేశాడు. బండి ముందుకు పోయింది. ఆనాటి నుంచి ఐదు పూటలా నమాజు తప్పలేదు. సోమవారం, గురువారం ఉపవాసాలు పాటిస్తున్నాడు. బీదలకు దానం చేస్తున్నాడు. ఆ మనిషి బతికాడా లేదా అన్నది మాత్రం ఇంతవరకు కనుక్కోలేదు.

అతని పేరు, ఊరు మేము చెప్పము. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాము. ఎందుకంటే ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు.

మన దారుల పరిస్థితి

హైదరాబాదు నుంచి భూపాలపట్నం పోయే 163వ జాతీయ రహదారి పెంబర్తి, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగానే వెళ్తుంది. మహబూబాబాద్ మీదుగా 365వ రహదారి ఉంది. భూపాలపల్లి దారిలో సింగరేణి బొగ్గు లారీలు, కాళేశ్వరం వైపు నుంచి గోదావరి ఇసుక లారీలు తిరుగుతాయి. మిర్చి కాలంలో ట్రాక్టర్లు రాత్రంతా మార్కెట్లకు వరుస కడతాయి. వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు. వడ్లు ఎత్తుకుపోయినా ఆ రాళ్ళు అక్కడే ఉండిపోతాయి.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. వాటిలో ఐదింట ఒకటికి పైగా వెనుక నుంచి ఢీకొన్న ప్రమాదాలే. ఢీకొట్టి పారిపోయిన సంఘటనలు 67,387. వాటిలో మరణించినవారు 30,486 మంది, అంటే రోజుకు ఎనభై మందికి పైగా. ఇందరిని ఢీకొట్టినవారందరూ కరుడుగట్టిన నేరస్థులేనా? కాదు. వారిలో ఎక్కువమంది మనలాంటివారే. ఇంటికి పాలపాకెట్టు తీసుకెళ్ళేవారు, పిల్లల్ని బడిలో దింపేవారు. ఒక్క క్షణంలో కాలు బ్రేకు మీది నుంచి తీసేసినవారు.

తప్పు ఎవరిది?

వెనుక నుంచి వచ్చి కొట్టినవాడిదే తప్పు అని లోకం అంటుంది. మన ధర్మశాస్త్రం దీన్ని ఇంకా లోతుగా చూసింది. మోటారు లేని కాలంలోనే, 12వ శతాబ్దంలో, ఫర్గానా ప్రాంతపు ఇమామ్ మర్గీనానీ (రహ్మ) రచించిన 'హిదాయా'లో పశువుల వల్ల కలిగే నష్టం గురించి ఒక అధ్యాయం ఉంది. మదర్సాలో ప్రతి విద్యార్థీ దాన్ని చదువుతాడు. అందులోని సూత్రం ఇది: పశువు నడుస్తూ ముందున్నవాణ్ణి గుద్దినా, తొక్కినా ఎక్కినవాడిదే బాధ్యత. అది పోతూ పోతూ వెనుక కాలితో తన్నినా, తోకతో కొట్టినా అతనిపై బాధ్యత లేదు, ఎందుకంటే దాన్ని ఆపడం అతని చేతిలో లేదు. అయితే పశువును దారిలో నిలబెట్టి ఉంచితే ఆ వెనుక కాలి తన్నుకూ అతనే బాధ్యుడు. తన్నును ఆపలేకపోవచ్చు గాని, దారిలో నిలబెట్టకుండా ఉండటం అతని చేతిలోనే ఉంది కదా!

ఇప్పుడు పశువు స్థానంలో లారీని ఊహించండి. ముందు పోతున్న బండికి దూరం పాటించకుండా వచ్చి గుద్దినవాడు బాధ్యుడు. కాని రాత్రిపూట రోడ్డు మీద దీపం లేకుండా లారీని నిలబెట్టి, కొమ్మలు అడ్డం పెట్టి టీ తాగడానికి పోయినవాడు కూడా దేవుని ముందు తప్పించుకోలేడు. 1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కూడా ఇదే దారిలో తీర్మానించింది. తన బండి వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి డ్రైవరు బాధ్యుడని, ప్రజాక్షేమం కోసం చేసిన ట్రాఫిక్ నియమాలు షరీఅత్‌కు విరుద్ధం కానంతవరకు వాటిని పాటించడం తప్పనిసరి అని చెప్పింది.

దారిలోంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని మహనీయ ప్రవక్త (సఅసం) బోధించారు. ఇది చిన్న పుణ్యమని అనుకోకండి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, అంతకుముందే ప్రమాదానికి గురై రోడ్డు మీద పడి ఉన్న ఒక మోటారు సైకిలును బస్సు ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ బండి పక్కకు తీసి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి.

రెండు పనులు, రెండు తీర్పులు

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. ఢీకొనడం ఒక పని. పారిపోవడం ఇంకొక పని. ఈ రెంటినీ కలిపి "యాక్సిడెంటు" అనే ఒక్క మాటలో దాచేస్తున్నాము. ఇక్కడే మన మనస్సు మనల్ని మోసం చేస్తోంది.

మొదటిదాన్ని షరీఅత్ పొరపాటు కిందే లెక్కిస్తుంది. అయినా వట్టి చేతులతో వదలదు. అన్ నిసా సూరా 92వ ఆయతులో, పొరపాటున ఒక విశ్వాసిని చంపినవాడు మృతుని వారసులకు దియత్ అనే రక్తపరిహారం చెల్లించాలని ఆదేశం ఉంది. వారసులు మన్నిస్తే వేరే మాట. దానితోపాటు కఫ్ఫారా కూడా ఉంది. బానిసను విముక్తుణ్ణి చేయాలి. అది సాధ్యం కాకపోతే రెండు మాసాలు ఎడతెగకుండా ఉపవాసం ఉండాలి. మనకూ ఇతర మతస్థులకూ మధ్య ఒప్పందం ఉన్నచోట వారి ప్రాణానికీ ఇదే విధి అని అదే ఆయతు చెబుతోంది. గమనించండి, ఇదంతా ఉద్దేశం లేని పొరపాటుకే! ప్రాణం విలువ అంతటిది.

మరి రెండవ పని? అక్కడ పొరపాటు లేదు. అద్దంలో చూశాడు. ఆగాలని అనుకున్నాడు. ఆగకూడదని నిర్ణయించుకున్నాడు. వెనుక ఒక మనిషి రక్తం కారుతూ పడి ఉన్నాడు, గంటలోపు వైద్యం అందితే బతకవచ్చు. తెలిసి వదిలేశాడు. మొదటి పనికి సంకల్పం లేదు గాని, రెండవ పనికి ఉంది. కర్మలు సంకల్పాలను బట్టే కదా లెక్కకు వచ్చేది!

"మూసా (అలై) కూడా వెళ్ళిపోయారు కదా?"

ఇలా అడిగినవారు కూడా ఉన్నారు. అల్ ఖసస్ సూరాలో వచ్చే వృత్తాంతం మనకు తెలుసు. మూసా (అలై) గుద్దిన దెబ్బకు ఒక వ్యక్తి చనిపోయాడు. ఆ తర్వాత ఆయన ఆ నగరం విడిచి వెళ్ళారు. నిజమే. కాని పూర్తిగా చదవండి. దెబ్బ తగిలిన మరుక్షణమే అది షైతాను పని అని, తనకు తాను అన్యాయం చేసుకున్నానని ఒప్పుకున్నారు. ప్రాణంతో ఉన్న క్షతగాత్రుణ్ణి ఆయన వదిలిపోలేదు. తనను చంపడానికి పెద్దలు కుట్ర పన్నుతున్నారని ఒక శ్రేయోభిలాషి పరుగెత్తి వచ్చి చెప్పాకే బయలుదేరారు. ఏళ్ళు గడిచాక ఫిరౌను దర్బారులో ఆ మాట ఎత్తి నిలదీసినప్పుడు కాదనలేదు, చేశానని ఒప్పుకున్నారు. ప్రాణభయంతో తప్పుకోవడం వేరు, బాధ్యత తప్పించుకోవడం వేరు.

జనం కొట్టి చంపుతారన్న భయం అబద్ధం కాదు. దాన్ని దేశ చట్టం కూడా గుర్తించింది. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. జనాగ్రహం వల్ల అది సాధ్యం కాకపోతే మినహాయింపు ఉంది. అయినా పోలీసులకు 24 గంటల లోపు తెలియజేయాలి. అంటే ప్రాణభయం ఉన్నవాడు బండి ఆపకపోయినా ఠాణాకు పోవచ్చు, 108కి ఫోను చేయవచ్చు. ఆ చోటు నుంచి రెండు దారులూ ముందుకే పోతాయి. ఒకటి ఠాణాకు, ఇంకొకటి ఇంటికి. మనిషి ఏమిటో ఆ మలుపులోనే తేలుతుంది.

ఇక్కడ జనానికీ ఒక మాట. డ్రైవరును పట్టుకుని చావబాదడం న్యాయం కాదు, అన్యాయమే. అలా కొట్టిన ప్రతిసారీ రేపటి డ్రైవరుకు ఆగవద్దని పాఠం చెబుతున్నాము.

పారిపోయినవాడు ఏం ఎత్తుకుపోయాడు?

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. బండి ఆగితే, నంబరు తెలిస్తే, ఆ బండి బీమా నుంచి మృతుని కుటుంబానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ద్వారా అతని వయస్సు, సంపాదన చూసి పరిహారం వస్తుంది. బండి ఎవరిదో తెలియకపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు మాత్రమే. అది కూడా 2022 ఏప్రిల్ 1 నుంచే. అంతకుముందు మరణానికి 25 వేలే. బీమా గురించి ధర్మవేత్తల చర్చ వేరు. కాని చట్టం బాధితుని కోసం తప్పనిసరి చేసిన సొమ్ము బాధితుని హక్కు. పారిపోయినవాడు ఒక విధవ నోటి కాడి కూడు తీసుకుపోయాడు. తీసుకున్నట్టు కూడా అతనికి తెలియదు!

2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ళ వరకు శిక్ష అని రాశారు. 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేశారు, హైదరాబాదులో పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరాయి. ఆ జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షన్‌ను పక్కన ఉంచారు. చట్టం పక్కన ఉంచవచ్చు. పరలోకపు లెక్కను పక్కన ఉంచేవారెవరు?

ఇంటి దగ్గర మార్చిన బండ్లు

బ్రిటన్‌లో ఇంటి దగ్గరే విడి భాగాలతో స్పోర్ట్స్ కారు తయారు చేసుకునేవారు ఉన్నారు. కాని ఆ కారు రోడ్డెక్కాలంటే ముందు ప్రభుత్వ పరీక్షలో నెగ్గాలి. మన దగ్గర ఇంటి బండి అంటే వెల్డింగు షాపులో చేయించిన ట్రాక్టరు ట్రాలీ. దానికి వెనుక ఎర్రదీపం ఉండదు, రేడియం స్టిక్కరు కూడా ఉండదు. రెండోది, మన పిల్లలు మార్చుకున్న బైకు. సైలెన్సరు మారుస్తారు, అద్దాలు పీకేస్తారు, చలాన్లు పడకుండా నంబరు ప్లేటు వంచేస్తారు.

తల్లిదండ్రులారా! వంచిన నంబరు ప్లేటు గురించి ఒక్కసారి ఆలోచించండి. ఏదైనా జరిగితే దొరకకూడదు అన్నదే దాని అర్థం. ప్రమాదం జరగకముందే పారిపోవడానికి సంకల్పం చేసుకుని ఇంటి నుంచి బయలుదేరుతున్నాడన్నమాట. సాయంత్రం బండి దగ్గరికి వెళ్ళి ఆ ప్లేటు మీ చేతులతో మీరే సరిచేయండి. ట్రాలీ వెనుక వంద రూపాయల రేడియం అంటించండి. ఇది కూడా దారిలోంచి బాధను తొలగించడమే.

ఆ యువకునికి మా జవాబు

ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ మోసుకుని వచ్చి కూడా దివాలా తీసే మనిషి గురించి ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఒకణ్ణి కొట్టాడు, ఒకరి రక్తం చిందించాడు, ఇంకొకరి సొమ్ము తిన్నాడు. వారంతా అతని పుణ్యాలను పంచుకుపోతారు. ఆ యువకుని నిద్ర పట్టకపోవడం అల్లాహ్ కారుణ్యమే. మనస్సు ఇంకా చచ్చిపోలేదు. అల్లాహ్ హక్కుకు కన్నీరు చాలు. దాసుని హక్కుకు కన్నీరు చాలదు. ఆ దాసుని గడప తొక్కాలి.

కాబట్టి అతనికి ఇలా చెప్పాము. ఒక పెద్దమనిషిని, ఒక వకీలును వెంట తీసుకుని ఆ చోటు ఏ ఠాణా పరిధిలోకి వస్తుందో అక్కడికి వెళ్ళు. ఆ మనిషి బతికి ఉంటే క్షమాపణ అడుగు, వైద్యం ఖర్చు భరించు. చనిపోయి ఉంటే వారసుల హక్కు చెల్లించు. మన్నించడం, మన్నించకపోవడం వారి ఇష్టం. రెండు నెలల ఉపవాసాలు పాటించు. ఎంత వెతికినా ఎవరూ దొరకకపోతే వారి పేరిట దానం చేయి, ఈ అప్పును వీలునామాలో రాసిపెట్టు. నీ విషయంలో కచ్చితమైన తీర్పు ముఫ్తీ సాహెబులను అడుగు.

"జైలుకు పంపితే?" అన్నాడు. అది జరగవచ్చు, కాదనలేము. కాని నేల తన మీద జరిగినవన్నీ చెప్పే రోజు ఒకటి ఉందని అజ్ జిల్‌జాల్ సూరా చెబుతోంది. ఆ తెల్లవారుజామున ఎవరూ చూడలేదని అనుకున్నాడు. ఆ రోడ్డు చూసింది.

అతను చాలాసేపటి తర్వాత లేచాడు. "మీరు నాతో వస్తారా, మౌలానా సాబ్?" అని అడిగాడు. వస్తామన్నాము. సోమవారం బయలుదేరాలని అనుకున్నాము.

దారి మీద మన చేతుల నుంచి, మన బండ్ల నుంచి దాసులందరికీ రక్షణ లభించుగాక! తప్పు చేసిన క్షణాన ఆగే ధైర్యాన్ని అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక! ఆమీన్.