బీడు పెట్టిన నేల, వదిలేసిన నేల

కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో అద్దె గదుల్లో ఉంటున్న మన పిల్లల్లో కొందరు పొద్దున్నే విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం వైపు ఆఫీసులకు వెళ్తారు. ఇంకొందరు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు నడుస్తారు. ఆఫీసుకు వెళ్లేవాళ్లలో కొందరి మనసు కోచింగ్ మీదో, ఊరి మీదో ఉంటుంది. "పని తక్కువ. జీతం టైముకు పడుతుంది. కానీ ఎదుగుదల లేదు. మానేయాలా?" ఇదీ వాళ్ల ప్రశ్న.

మన ఇళ్లలో చాలాచోట్ల ఇదే మొదటి నెల జీతం. చెల్లి ఫీజు, నాన్న మందులు, ఊళ్లో అప్పు దాని మీదే నడుస్తాయి. ప్రైవేటు కంపెనీల్లో మనకు రిజర్వేషన్ లేదు. వదిలిన కుర్చీ మళ్లీ దొరుకుతుందన్న హామీ లేదు. "నీ మనసు చెప్పినట్టు చెయ్యి" అనే సలహా వెనక ఆస్తి ఉన్నవాళ్లకు సరిపోయినంతగా మనకు సరిపోదు.

ఇంకో ముల్లు కూడా ఉంది. రోజంతా వంగి పత్తి ఏరితే అమ్మకు ఎంత కూలి వస్తుందో మనకు తెలుసు. చల్లటి గదిలో రెండు గంటల పని చేసి జీతం తీసుకుంటుంటే లోపల గుచ్చుకుంటుంది. అప్పజెప్పిన పని సరిగ్గా చేశాక మిగిలిన తీరిక దొంగసొమ్ము కాదు. కానీ ఆ తీరిక ఎటు పోతోందో మనకు మనమే లెక్క చెప్పుకోవాలి.

దాన్ని కొలిచే కొలత మన పెద్దల దగ్గరే ఉంది. పోడు చేసే కొండరెడ్లు, కోయలు, సవరలు ఒక చెక్కను రెండు మూడేళ్లు సాగు చేసి, తర్వాత కొన్నేళ్లు బీడు పెట్టేవారు. బయటివాళ్ల కళ్లకు అది పాడుబడిన నేల. సాగు చేసేవాళ్లకు అది బలం పుంజుకుంటున్న నేల. ఎప్పుడు తిరిగి రావాలో వాళ్లకు లెక్క ఉండేది. లెక్కే లేకపోతే అది బీడు కాదు, వదిలేసిన నేల.

తీరిక ఉద్యోగమూ అంతే. ఆ జీతంతో అప్పు తీరుతూ, ఆ సాయంత్రాల్లో చదువు సాగుతూ, ఆరు నెలల ఇంటి ఖర్చు కూడుతూ ఉంటే అది బీడు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మూడేళ్లు గడిచినా అదే కుర్చీ, అదే ఫోను, అదే గొణుగుడు అయితే సుఖం మనల్ని తింటోందని అర్థం.

మానేసి ఎక్కడికి వెళ్తున్నామన్నదీ చూడాలి. 2022లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టారు, హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చాక జూన్‌లో మూడోసారి రాశారు. ఉద్యోగం మాని గదిలో కూర్చున్నవాళ్లకు ఆ రెండేళ్లూ ఇంటి నుంచే డబ్బు రావాలి. చదవడంలో వాళ్ల లోపం లేదు. అయినా భారం మోసింది వాళ్ల ఇళ్లే.

అలాగని ఎప్పటికీ వదలకూడదనీ కాదు. 1985లో కారంచేడు దళితుల హత్యల తర్వాత బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేశారు. ఎవరి కోసం వదులుతున్నారో ఆయనకు తెలుసు. పదవి పోయినా వకీలు వృత్తి చేతిలో ఉంది. ఎస్.ఆర్. శంకరన్ ఐఏఎస్ వదలలేదు. ఆ కుర్చీలోనే ఉండి వెట్టి విముక్తికి, గిరిజనుల భూములకు పనిచేశారు. ఒకరు వదిలారు, ఒకరు ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ సుఖాన్ని చూసి నిర్ణయించుకోలేదు.

కాబట్టి విసుగు పుట్టిన రోజున రాజీనామా రాయకూడదు. ఎవరి కోసం, ఏ పనికి, ఎన్నాళ్లలో అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసి ఇంట్లో వాళ్ల ముందు పెట్టాలి. జీతం వాళ్లదీ కనుక మాట కూడా వాళ్లదే. వాళ్లు భయపడితే గడువు పెంచుకోవచ్చు, కానీ గడువు లేకుండా ఉండకూడదు. ఉపాధ్యాయులు చేయగల సాయం కూడా ఇదే: ఉద్యోగంలో ఉన్నవాణ్ణి పిరికివాడని, మానేసినవాణ్ణి తెలివితక్కువవాడని అనకుండా, "నీ బీడుకు లెక్క ఉందా?" అని అడగడం.